వికారం, వాంతులు: కారణమెరిగి చేయవలసిన ఇంటి చికిత్స

నోట నీళ్ళూరడం, కడుపులో దేవినట్లుండడం, అన్నం వాసన సైతం సహించకపోవడం వికారం లక్షణాలు. ఈ బాధను ఏనాడూ అనుభవించని మనిషి ఉండడు. ఆయుర్వేదం వికారాన్ని ‘హృల్లాసం’ అనీ, వాంతిని ‘ఛర్ది’ అనీ పేర్కొన్నది. కాసిపేటలో వైద్యవృత్తిలో ఉన్న నేను గమనించిన విషయం ఒకటున్నది. వాంతి కాగానే ‘ఏది మింగితే ఆగుతుంది?’ అని అడిగేవారే ఎక్కువ. ‘ఎందువల్ల వచ్చింది?’ అని ఆలోచించేవారు తక్కువ. కారణం తెలిస్తే చాలావరకు వాంతులు వంటింటి దినుసులతోనే శమిస్తాయి. కారణం తెలుసుకోకుండా చేసే చికిత్స ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

చరక సంహిత చికిత్సాస్థానంలోని 20వ అధ్యాయం ఛర్ది రోగానికే కేటాయించబడినది. అందులో ఛర్దిని అయిదు విధాలుగా విభజించారు. వాత, పిత్త, కఫ దోషాల వల్ల కలిగేవి మూడు, మూడు దోషాలూ కలిసి ప్రకోపించినప్పుడు కలిగేది నాలుగవది. అసహ్యమైన వాసన, దృశ్యం, ఆహారం వల్ల కలిగేది అయిదవది. వాతం వల్ల కలిగినదానికి తప్ప మిగిలినవాటికి మొదట లంఘనం, అనగా కడుపుకు విశ్రాంతి, చెప్పబడినది. వచ్చే వాంతిని బలవంతంగా ఆపరాదని కూడా శాస్త్రం హెచ్చరించింది. చెడిన ఆహారాన్ని శరీరం తనంత తానుగా బయటికి పంపే మార్గమది. కనుక మొదటి ఒకటి రెండు వాంతులకు కంగారు పడనవసరం లేదు.

ముందు నీరు, తరువాతే మందు

వాంతులతో మనిషి నీరసించేది ముఖ్యంగా ఒంటిలోని నీరు, లవణాలు పోవడం వల్ల. పసిపిల్లలకూ, వృద్ధులకూ ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వాంతి అయిన వెంటనే గ్లాసెడు నీరు తాగితే అది కూడా బయటికి వస్తుంది. పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకొకసారి ఒక్కొక్క చెంచా చొప్పున ఇవ్వాలి. నిలుస్తున్న కొద్దీ మోతాదు పెంచాలి.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ ఇంట్లో ఉంచుకోవడం శ్రేయస్కరం. దానిపై రాసిన కొలత ప్రకారమే నీటిలో కలపాలి. అది లభించనప్పుడు కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచాలు గోపురంగా కాక తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు హాని కలుగుతుంది. తల్లిపాలు ఎట్టి పరిస్థితిలోనూ మాన్పించరాదు.

వంటింటి ఔషధాలు

1. వరి పేలాల జావ: గుప్పెడు వరి పేలాలను నాలుగు గ్లాసుల నీటిలో మరిగించి, వడకట్టి, చిటికెడు ఉప్పు వేసి, చల్లారిన తరువాత కొద్దికొద్దిగా తాగించాలి. దీనినే శాస్త్రం ‘లాజమండం’ అన్నది. ఇది దాహాన్ని తీరుస్తుంది, కడుపుకు తేలిక.

2. అల్లం: అజీర్తి వల్ల కలిగిన వికారానికి అర చెంచా అల్లం రసంలో అర చెంచా తేనె కలిపి నాకాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వరాదు. కడుపులో మంట, పుల్లని త్రేన్పులు ఉన్నవారికి అల్లం సరిపడదు.

3. ధనియాలు: పైత్యం వల్ల పసుపు పచ్చని చేదు వాంతులు అవుతున్నప్పుడు, చెంచాడు ధనియాలను నలగగొట్టి గ్లాసు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడకట్టి పటికబెల్లం కలిపి తాగాలి.

4. ఏలకులు: రెండు ఏలకుల గింజలను పొడి చేసి తేనెతో తీసుకొనవచ్చు. నోటి దుర్వాసన, జిగట తగ్గి అన్నం మీద ఇచ్ఛ కలుగుతుంది.

5. జీలకర్ర: వేయించి దంచిన పొడిని అర చెంచా పలుచని మజ్జిగలో కలిపి, వాంతులు తగ్గుముఖం పట్టిన తరువాత తాగాలి.

6. నిమ్మ: అసహ్యమైన వాసన వల్ల కడుపు తిప్పినప్పుడు కోసిన నిమ్మచెక్క వాసన చూసినా కొంత ఉపశమనం ఉంటుంది.

ఇందులో ఏదో ఒకటి ఎంచుకొనవలె. అన్నీ ఒకదాని వెంట ఒకటి మింగించితే వాంతి పెరుగుతుందే కాని తగ్గదు.

ప్రయాణంలోను, గర్భిణిగా ఉన్నప్పుడును

బస్సు ప్రయాణం పడనివారు ముందు వరుసలో కూర్చొని, చూపును దూరాన నిలపాలి. పుస్తకం చదవరాదు. బయలుదేరే ముందు నూనె వంటలు మాని తేలికగా తినాలి. 1982లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడిన ఒక ప్రయోగంలో, తిరిగే కుర్చీలో కూర్చోబెట్టినవారికి శొంఠి పొడి మేలు చేసినట్లు తేలింది. తరువాతి ప్రయోగాలన్నీ అదే ఫలితాన్ని ఇవ్వలేదు. అయినను ప్రయాణానికి అరగంట ముందు అర గ్రాము శొంఠి తీసుకొని చూడవచ్చును.

గర్భిణుల వేవిళ్ళకు అల్లం ఉపయోగాన్ని ఆధునిక వైద్యులు కూడా అంగీకరిస్తున్నారు. శొంఠి రోజు మొత్తానికి ఒక గ్రాము మించరాదు. పక్క దిగకముందే నాలుగు మరమరాలో, ఒక బిస్కెట్టో నమలాలి. మూడు పూటల భోజనాన్ని ఆరు పూటలుగా విభజించుకోవాలి. నీరు కూడా నిలవకుండా వాంతులై బరువు తగ్గుతున్నప్పుడు వేవిళ్ళేనని ఉపేక్షించరాదు.

గని కార్మికుల ఇళ్ళలో

మా ప్రాంతపు జీవనంలో వికారానికి ప్రత్యేక కారణాలు కొన్ని కనబడతాయి. రాత్రి షిఫ్టుకు వెళ్ళేవారు వేళ తప్పి తినడం, ఖాళీ కడుపున టీ మీద టీ తాగడం మొదటిది. భూగర్భ గనిలో నిప్పు నిషిద్ధం. కనుక పొగ తాగలేక తంబాకు, అంబర్ నమిలే అలవాటు రెండవది. నికోటిన్ నేరుగానే వికారాన్ని కలిగిస్తుంది. తంబాకు దవడన ఉంచుకొని అల్లం రసం తాగితే ఫలితం ఏముంటుంది? ఇటువంటివారికి నేను షిఫ్టుకు ముందు జొన్న గటకయో, రొట్టెయో తిని వెళ్ళమనీ, తంబాకు మానమనీ చెబుతాను.

మూడవది ఎండ. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండన పనిచేసిన మనిషికి తలతిరుగుడు, వికారం మొదలైతే నీడకు చేర్చి, దుస్తులు వదులు చేసి, ఉప్పు వేసిన మజ్జిగయో, ఓ.ఆర్.ఎస్. నీరో ఇవ్వాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. ఒంటిపై నీరు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పినవారి నోట ఏదీ పోయరాదు.

కుంపటి చేసే కీడు

నాలుగవ కారణం అన్నింటికన్న భయంకరమైనది. ఒక శీతకాలపు ఉదయం ఒక కుటుంబంలోని నలుగురూ తలనొప్పి, వాంతులతో నా వద్దకు వచ్చారు. రాత్రి తిన్న కూర చెడినదని వారి అనుమానం, జీలకర్ర కషాయం కూడా తాగి వచ్చారు. ఒకరికీ విరేచనాలు లేవు. ఆరా తీయగా, చలికి తలుపులూ కిటికీలూ మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినట్లు తెలిసింది. నేను మందు ఏదీ ఇవ్వక వెంటనే ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి పంపాను. వారు కోలుకున్నారు.

బొగ్గు గాలి చాలక కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్న సుమారు 200 రెట్లు బలంగా పట్టుకొంటుంది. ఈ వాయువును కనిపెట్టడానికి గనిలో పరికరాలుంటాయి, మన పడకగదిలో ఉండవు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి, వికారం కలిగి, బయటి గాలికి వస్తే తగ్గుతున్నట్లుంటే దీనిని అనుమానించాలి. తలుపులు తెరచి అందరినీ వెలుపలికి తీసుకురావాలి, ఆసుపత్రికి చేర్చాలి. దీనికి ఏ కషాయమూ విరుగుడు కాదు. మూసిన గదిలో కుంపటి పెట్టకుండుటే నివారణ.

ఆలస్యం చేయరాని సందర్భాలు

వాంతిలో నెత్తురు గాని, కాఫీ పొడి వంటి పదార్థం గాని, ఆకుపచ్చని పసరు గాని కనబడినప్పుడు, కడుపునొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు, తలకు దెబ్బ తగిలిన తరువాత వాంతులైనప్పుడు, తలనొప్పితో మెడ బిగుసుకున్నప్పుడు, ఛాతీలో బరువు, చెమటలు తోడైనప్పుడు, ఎనిమిది గంటలపాటు మూత్రం రానప్పుడు, పసిబిడ్డ మగతగా పడి ఉన్నప్పుడు ఇంటి వైద్యం మాని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారు కూడా వాంతులు ఆగనిచో ఇంట ఉండరాదు. పురుగుల మందు మింగినవారికి ఉప్పునీరు తాగించి కక్కించడం ప్రమాదకరం.

ప్రతి గృహిణి పోపుల పెట్టెలో జీలకర్ర, ధనియాలు, శొంఠి, ఏలకులతో పాటు ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ కూడా ఉంచుకొనవలెనని నా మనవి. ఇంట ఎవరికైనా వాంతి అయినప్పుడు, రోగి ఏమి తిన్నాడు, ఎక్కడ పనిచేశాడు, ఏ గదిలో నిద్రించాడు అని ముందు అడిగి, ఆ తరువాతే ఆ పెట్టె మూత తీయండి.