మట్టమును దూరముతో కొలిచిన శాసనము

చెరువు ఎఫ్‌టీఎల్ (నిండుమట్టపు) గీతకు ముప్పది మీటర్ల ఆవల, సకల అనుమతులతో కట్టిన ఇంటిలోనికి నీరెట్లు వచ్చినదని జనగామ పాఠకులొకరు అడిగినారు. జలశాస్త్రమునకును శాసనమునకును గల వైరమంతయు ఈ ప్రశ్నలో నిమిడియున్నది.

పురపాలక ప్రాంతములకు వర్తించు 2012 నాటి 168వ జీ.ఓ. ప్రకారము పది హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు, పది మీటర్ల వరకు వెడల్పుగల నాలాకు 2 మీటర్లు బఫరుగా విడువవలెను.

ఎఫ్‌టీఎల్ అనగా చెరువు చేరగల గరిష్ఠమట్టమని విద్యాధికులు సైతము భ్రమపడుచున్నారు. అది మత్తడి శిఖరమట్టము మాత్రమే. నీరు పొర్లుటకు అది ఆరంభము. వరద మత్తడి మీదుగా సాగవలెనన్న, చెరువులోని నీరు ఆ శిఖరమును మించి కొంత లేచియే తీరవలెను. ఆ లేవడి రెట్టింపైనచో ప్రవాహము రెండింతలు గాక రమారమి 2.8 రెట్లగును; మత్తడి పొడవును బట్టియు ప్రవాహము హెచ్చును, కావున మత్తడి యెంత పొడవైన, అంత స్వల్పమైన లేవడితో వరద దిగిపోవును. అదే మత్తడి పొడవున సగము పూడినచో, మీటరు లేవడితో పారవలసిన నీరు సుమారు 1.6 మీటర్లు లేచిన గాని పారదు. మూడువందల మీటర్లకొక మీటరు వాలిన నేలపై ఆ హెచ్చు 60 సెంటీమీటర్లు 180 మీటర్ల మేర ప్రాకును! అట్టి నేలపై శాసనము విడిచిన ముప్పది మీటర్లు పది సెంటీమీటర్ల లేవడికే మునుగును. పదింటికొకటి వాలిన గుట్టప్రక్కన అవియే మూడు మీటర్ల లేవడికి చాలును. నిలువుగా లేచెడి నీటిని అడ్డముగా కొలుచుట ఎంతటి ప్రమాదము!

గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన బయ్యారం చెరువు, భూపాలపల్లి జిల్లాలోని గణపసముద్రము వంటివి వెలసిన ఈ సీమలో చెరువులు గొలుసుకట్టుగా నున్నవి. ఎగువ మత్తడి నీరే దిగువ చెరువునకు రాబడి. వానను మొదట ఆపి ఇంకింపజేయునవి ఎగువ కుంటలు. వానికి తొమ్మిది మీటర్లు, వానిని కలుపు సన్నని ఒర్రెకు రెండు! ఈ సీమలో వరద బలమెంతటిదనగా, 2024 సెప్టెంబరు 1న కుండపోత వానలకు మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుపట్టాల క్రింది కట్టయే కొట్టుకొనిపోయినది.

నీటికై పచ్చిక తీరమును విశాలముగా విడువవలెనని ఏ పురపాలకాధికారి తలచినను, బఫరు గీతకావలి పట్టాభూమిలో కట్టడమును ఆపుటకు ఈ బఫరు నియమము ఆయనకు ఆధారమీయదు. మట్టములు కొలిచి, నేల వాలును బట్టి గీత గీయుట సర్వేయరుకు తెలియని విద్య కాదు. స్థలము కొనువారు మాత్రము చెరువునుండి ఎంత దూరమని గాక, మత్తడికంటె ఎంత ఎత్తని అడుగుదురు గాక. ఆ అంకెను బఫరు నియమము నేటికిని అడుగుట లేదు.