స్పోర్ట్స్ కారు యజమానులూ.. కొత్త ఏడాదిలో చేయాల్సిన పనులివే: పన్ను, ఆర్‌సీ, బీమా గురించి తెలుసుకోండి

ఆదివారం పొద్దున్నే అవుటర్ రింగ్ రోడ్డు మీద ఓ రౌండు. చెన్నై ట్రాక్‌ మీద ఒకరోజు. వీలైతే పాతది అమ్మేసి ఇంకాస్త పెద్దది. స్పోర్ట్స్ కారున్న వారిని 'కొత్త సంవత్సరానికి ప్లాన్ ఏంటి' అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబులివే. ఇప్పటిదాకా కారు లేకపోయినా, ఈసారి సెకండ్ హ్యాండ్‌లోనైనా కొనాలనుకుంటున్న వారూ తక్కువేం లేరు.

ఈ ప్లాన్లన్నీ చివరికి ఆగేది ఇంజిన్ దగ్గర కాదు, కాగితాల దగ్గర. మామూలు కారు విషయంలో చిన్న పొరపాటుకు వేలల్లో పోతే, ఈ కార్ల విషయంలో లక్షల్లో పోతుంది. 2026లోకి అడుగుపెట్టే ముందు మీరు చూసుకోవాల్సిన అంశాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

కొత్త కారు ధర తగ్గుతుందా?

కొంత ఇప్పటికే తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై జీఎస్టీ 40 శాతం. అంతకుముందు 28 శాతం జీఎస్టీకి సెస్సు కలిసి 50 శాతం దాకా ఉండేది. ఇప్పుడు సెస్సు లేదు.

ఇక అందరి ఆశా దిగుమతి సుంకం మీదే. పూర్తిగా తయారై విదేశాల నుంచి వచ్చే ఖరీదైన కార్లపై ఇది 110 శాతం దాకా పడుతోంది. భారత్, బ్రిటన్ 2025 జులై 24న వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం బ్రిటన్‌లో తయారైన కార్లపై సుంకం, కోటా పరిమితిలో, దశలవారీగా 10 శాతానికి దిగుతుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, సంతకం అయినంత మాత్రాన తగ్గింపు మొదలుకాదు. రెండు దేశాల్లో ప్రక్రియ పూర్తయి ఒప్పందం అమల్లోకి రావాలి. రెండు, ఇది బ్రిటన్‌లో తయారైన వాటికే. ఆస్టన్ మార్టిన్, మెక్‌లారెన్ లాంటివి దీని కిందకు వస్తాయి. జర్మనీ నుంచి వచ్చే పోర్షా, ఇటలీ నుంచి వచ్చే ఫెరారీ, లంబోర్గినీలకు ఇది వర్తించదు. యూరోపియన్ యూనియన్‌తో చర్చలు 2025లో విడిగా నడిచాయి. కాబట్టి 'వచ్చే నెలలో సగం ధరకే' అని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఆగండి.

షోరూంలో కొనేటప్పుడు మరో లెక్క మరచిపోవద్దు. రూ.10 లక్షలు దాటిన కారు కొంటే డీలరు 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. రూ.2 కోట్ల కారుకు అది రూ.2 లక్షలు. ఇది పోయిన డబ్బు కాదు. మీ ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా రీఫండ్ పొందవచ్చు. ఇన్వాయిసుపై మీ పాన్ నంబరు సరిగా ఉందో లేదో చూసుకోండి.

వేరే రాష్ట్రం నంబరు ప్లేటుతో ఎంతకాలం తిరగొచ్చు?

ఈ ఏడాది ఎక్కువమందికి ఖరీదైన ప్రశ్న ఇదే. లైఫ్ ట్యాక్స్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. తెలంగాణలో కారు ధర పెరిగేకొద్దీ పన్ను శాతమూ పెరుగుతుంది. మీ పేరిట ఇప్పటికే ఒక కారు ఉంటే, రెండో దానికి 2 శాతం అదనం. స్పోర్ట్స్ కారు చాలా ఇళ్లలో రెండోదో మూడోదో అవుతుంది కాబట్టి ఈ అదనం దాదాపు తప్పదు. రూ.2 కోట్ల కారుపై పన్ను 18 శాతం అనుకున్నా రూ.36 లక్షలు. పుదుచ్చేరి లాంటి చోట్ల పన్ను చాలా తక్కువ. అందుకే కొందరు అక్కడి చిరునామాతో రిజిస్ట్రేషన్ చేయించి, కారును మాత్రం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో తిప్పుతుంటారు.

చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 40 ప్రకారం, మీరు నివసించే లేదా వ్యాపారం చేసే, కారు మామూలుగా ఉండే ప్రాంతంలోనే రిజిస్ట్రేషన్ చేయించాలి. సెక్షన్ 47 ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనం మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి.

'12 నెలలు ఉంది కదా, అప్పటిదాకా పన్ను కట్టక్కర్లేదు' అని చాలామంది అనుకుంటారు. కానీ ఆ 12 నెలల గడువు నంబరు మార్పిడికి సంబంధించినది. పన్ను ఎప్పటి నుంచి కట్టాలన్నది ఆయా రాష్ట్రాల పన్ను చట్టం చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చూసుకుంటే చిక్కుల్లో పడతారు.

తనిఖీలు మాటవరసకు కాదు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో రవాణా శాఖ అధికారులు పన్ను కట్టని 30 విలాసవంతమైన కార్లను పట్టుకున్నారు. అదే ఏడాది జులైలో, మహారాష్ట్ర నంబరుతో అదే నగరంలో తిరుగుతున్న ఒక ఫెరారీ యజమాని పన్ను, జరిమానా కలిపి సుమారు రూ.1.41 కోట్లు కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బుతో మరో మంచి స్పోర్ట్స్ కారే వచ్చేది.

నంబరు మార్చుకోవాలంటే ఇలా చేయండి:

- కారు రిజిస్టరైన రాష్ట్రంలో ఫారం 28తో ఎన్‌ఓసీకి దరఖాస్తు చేయండి. అప్పు ఉంటే బ్యాంకు సమ్మతి కావాలి. పెండింగ్ చలాన్లన్నీ ముందే కట్టేయండి.
- ఎన్‌ఓసీ వచ్చాక మీ ప్రాంత ఆర్టీఏ కార్యాలయంలో ఫారం 27 ఇవ్వండి. ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, చిరునామా రుజువు జతచేయాలి. కారును తనిఖీకి తీసుకెళ్లాలి.
- ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టండి. కారు వయసును బట్టి పన్ను తగ్గుతుంది.
- కొత్త నంబరు వచ్చాక, పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగండి. ఇది దానంతట అది రాదు. దరఖాస్తు మీరే పెట్టాలి.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా? ఇవి చూడనిదే అడ్వాన్సు ఇవ్వొద్దు

ఐదారేళ్ల స్పోర్ట్స్ కారు కొత్తదాని ధరలో సగానికే వస్తుంటే ఆశ పుట్టడం సహజం. ఆ కారు దేశంలోకి ఎలా వచ్చిందన్నది ముందు తేల్చుకోండి. విదేశాల్లో కొన్న కార్లను దుబాయ్, శ్రీలంక మీదుగా తెచ్చి, స్టీరింగును కుడివైపుకు మార్చి, విలువ తక్కువ చూపి సుంకం ఎగ్గొట్టారన్న ఆరోపణలపై 2025లో డీఆర్ఐ అధికారులు హైదరాబాద్‌కు చెందిన ఒక డీలరును అరెస్టు చేశారు. అలాంటి కారును మీరు మంచి నమ్మకంతోనే కొన్నా, దర్యాప్తులో అది మీ గ్యారేజీలోంచి వెళ్లిపోవచ్చు.

దిగుమతైన కారైతే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ ప్రతి అడగండి. అందులోని ఛాసిస్ నంబరు, ఆర్‌సీలోది, కారు మీద చెక్కి ఉన్నది మూడూ ఒకటేనా చూడండి. ఎంపరివాహన్ యాప్‌లో లేదా రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో అప్పు, బీమా గడువు, చలాన్ల వివరాలు సరిచూసుకోండి. కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఛాసిస్ నంబరుతో సర్వీసు చరిత్ర అడిగితే, మీటరు వెనక్కి తిప్పారా అన్నదీ తెలిసిపోతుంది.

డబ్బు చేతులు మారాక ఫారం 29, 30 మీద సంతకాలు చేసి పక్కన పెట్టేయొద్దు. అమ్మినవారు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్చుకోవాలి. బీమా మార్పిడికి 14 రోజులే గడువు. మీరే అమ్ముతున్నట్లయితే ఇది మరీ ముఖ్యం. ఆర్‌సీలో పేరు మారేదాకా, ఆ కారు ఎవరినైనా ఢీకొడితే పరిహారం కేసులో నోటీసు మీ ఇంటికే వస్తుంది.

కారుకు 15 ఏళ్లు, 20 ఏళ్లు నిండుతున్నాయా?

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ తనిఖీ చేయించి ఫారం 25తో ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 15 ఏళ్లు దాటిన మామూలు కారుకు ఈ ఫీజు రూ.5 వేలు. దిగుమతైన కారుకైతే రూ.40 వేలు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన మార్పుతో 20 ఏళ్లు దాటిన మామూలు కారుకు రూ.10 వేలు, దిగుమతైన దానికి రూ.80 వేలు అయ్యాయి. 2006లో రిజిస్టరైన కారు ఉన్నవారికి ఈ కొత్త ఫీజు 2026లోనే ఎదురవుతుంది.

'పాతది కదా, వింటేజ్ కింద పెట్టుకుంటా' అనుకుంటే కుదరదు. ఆ గుర్తింపునకు కారుకు కనీసం 50 ఏళ్లు ఉండాలి. పైగా వింటేజ్ నంబరు వచ్చాక ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతులకు తప్ప రోజువారీగా తిప్పడానికి వీల్లేదు.

సైలెన్సర్ మార్చొచ్చా? రంగు మార్చొచ్చా?

తయారీ సంస్థ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. యజమాని ఇలా మారిస్తే ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు. పెద్ద శబ్దం చేసే ఎగ్జాస్ట్ పెడితే శబ్ద కాలుష్యం కింద రూ.10 వేల వరకు జరిమానాతో పాటు లైసెన్సుపై మూడు నెలల వేటు పడొచ్చు. కారు రంగు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి, రంగు మారిస్తే అందులోనూ మార్పించాలి.

అవుటర్ రింగ్ రోడ్డుపై గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లే. అనుమతి లేకుండా రేసు పెడితే అది సెక్షన్ 189 కింద నేరం. తొలిసారి రూ.5 వేలు, మళ్లీ దొరికితే రూ.10 వేల వరకు జరిమానా, జైలు కూడా పడొచ్చు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద వెళ్తున్న మిగతావారికి మీ కారు ఎంత వేగంగా వస్తోందో అద్దంలో అంచనా వేయడం కష్టం. జరిమానా కంటే పెద్ద నష్టం అక్కడే జరుగుతుంది.

ట్రాక్ మీద ప్రమాదం జరిగితే బీమా వస్తుందా?

మామూలు పాలసీలో రాదు. రేసింగ్, వేగ పరీక్షల సమయంలో జరిగిన నష్టానికి మామూలు మోటారు పాలసీ వర్తించదు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కో వెళ్లే ముందు, నిర్వాహకులు మీతో సంతకం పెట్టించే పత్రం పూర్తిగా చదవండి. కారుకు జరిగే నష్టం మీదే అని అందులో ఉంటే, ఆ మొత్తం భరించగలరా అన్నది ముందే ఆలోచించుకోండి.

రెన్యువల్ సమయంలో మూడు విషయాలు చూసుకోండి. కారు ఐదేళ్లు దాటితే ఐడీవీని మీరు, బీమా సంస్థ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీని బాగా తగ్గిస్తే, కారు పోయినప్పుడు వచ్చేదీ అంతే. రెండోది ఇంజిన్ ప్రొటెక్షన్. ఎత్తు తక్కువ కార్లలోకి వాన నీరు త్వరగా చేరుతుంది. నీళ్లలో స్టార్ట్ చేస్తే ఇంజిన్ పాడవుతుంది, మామూలు పాలసీ దాన్ని కవర్ చేయదు. మూడోది నో క్లెయిమ్ బోనస్. ఇది 50 శాతం దాకా పెరుగుతుంది. పాలసీ గడువు తీరి 90 రోజులు దాటితే మొత్తం పోతుంది. ఇది కారుది కాదు, మీది. కారు అమ్మినా కొత్త కారుకు తెచ్చుకోవచ్చు.

కాలనీలో స్పీడ్ బ్రేకర్ కారు అడుగును గీస్తోందా?

ఇది స్పోర్ట్స్ కారు వారి గోడే కాదు. స్కూటర్ మీద వెళ్లే పెద్దవారి నడుముకూ అదే దెబ్బ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. ఇరుకుగా, నిటారుగా ఉన్నవి ఈ ప్రమాణానికి విరుద్ధం. హైదరాబాద్‌లో ఫొటో, లొకేషన్‌తో మై జీహెచ్ఎంసీ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. లేదా 040-21111111కు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

ఏ నెలలో ఏం చేయాలి?

- జనవరి: ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రాల గడువు తేదీలు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. బీఎస్-4, ఆపై కార్లకు కాలుష్య ధ్రువపత్రం ఏడాది చెల్లుతుంది.
- మార్చిలోపు: వేరే రాష్ట్రం నంబరు ఉంటే ఎన్‌ఓసీ పని మొదలుపెట్టండి.
- జూన్‌లోపు: బీమా రెన్యువల్ వానలకు ముందే వస్తుంటే ఇంజిన్ ప్రొటెక్షన్ చేర్చుకోండి.
- జులై: ఐటీ రిటర్నులో టీసీఎస్ చూపించండి.
- కారు కొన్నా, అమ్మినా: పేరు మార్పిడి పూర్తయిందని ఆన్‌లైన్‌లో మీ కళ్లతో చూసేదాకా ఆ ఫైలు మూసేయకండి.