పెరగమని వచ్చే కబురు

ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన కృష్ణ నీరు కాలువల గుండా తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాలకు చేరుతుంది. పైరుకు నీరు కావలసినపుడు రైతు తూము తెరుస్తాడు. కోతలు దగ్గరపడగానే మూసేస్తాడు. మూయకపోతే చేను నీళ్ళలో పడిపోయి కంకికే మొలకలొస్తాయి. మన శరీరంలోనూ ఇలా తెరిచి మూసే ఏర్పాట్లున్నాయి. అలాంటిదొకటి అండాశయంలో చూద్దామా?

స్త్రీల పొత్తికడుపులో గర్భాశయానికి అటూ ఇటూ రెండు అండాశయాలుంటాయి. సాధారణంగా నెలకొక అండం విడుదలవుతుంది. అండం వెళ్ళిపోయాక ఖాళీ అయిన పుటిక 'కార్పస్ లూటియం' అనే పసుపుపచ్చని గ్రంథిగా మారి ప్రొజెస్టిరాన్ హార్మోనును తయారుచేస్తుంది. ఆ పనికి రక్తం బాగా అందాలి. అందుకే కొద్ది రోజుల్లోనే దానిలో కొత్త రక్తకేశనాళికలు దట్టంగా అల్లుకుంటాయి.

వాటిని పెరగమని చెప్పేదెవరు? అక్కడి కణాలు విడుదల చేసే వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రొటీను. ఇటువంటి వాటిని పెరుగుదల కారకాలంటారు. రక్తనాళాల గోడల్లోని కణాలపై దీనికి సరిపడే గ్రాహకాలుంటాయి. తాళంలో తాళంచెవి అమరినట్లు కారకం గ్రాహకంలో అమరగానే, కణం లోపలి ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుతూ కబురును కేంద్రకం దాకా చేరవేస్తాయి. కణాలు విభజన చెందుతాయి. కొత్త నాళం మొలుస్తుంది. గర్భం నిలవకపోతే సుమారు రెండు వారాలకు కార్పస్ లూటియం క్షీణిస్తుంది. కబురూ తగ్గుతుంది, నాళాలూ తగ్గుతాయి. తూము మూసుకుందన్నమాట!

అండాశయ క్యాన్సరులో ఇదే కబురు ఆగకుండా వెలువడుతుంటుంది. కణితిలోకి కొత్త నాళాలు పాకి, దాన్ని పోషిస్తాయి. పైగా ఈ కారకం వల్ల నాళాల గోడల నుంచి ద్రవం కారుతుంది. చాలామంది రోగుల పొట్టలో నీరు చేరడానికి ఇదొక ముఖ్య కారణం. 1983లో అమెరికాలో సెంగర్, డ్వోరాక్‌ల బృందం ముందుగా గుర్తించింది ఈ కార్చే గుణాన్నే. 1989లో ఫెరారా బృందం నాళాలను పెంచే ప్రొటీనును వేరుచేసింది. తీరా చూస్తే రెండూ ఒకటే!

ఆ ప్రొటీనును పట్టి నిలిపే బెవాసిజుమాబ్ అనే మందును 2014లో అమెరికాలో, చికిత్స తరువాత తిరగబెట్టిన అండాశయ క్యాన్సరుకు ఇతర మందులతో కలిపి వాడటానికి అనుమతించారు. అది కణితి పెరుగుదలను కొంతకాలం నిలువరిస్తుంది.

అయితే ఈ వ్యాధి తరచు ఆలస్యంగా బయటపడుతుంది. మీ ఇంట్లో అమ్మకో, అమ్మమ్మకో, నాయనమ్మకో కడుపు ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండినట్లుండటం, పొత్తికడుపు నొప్పి వారాల తరబడి తగ్గకుంటే "గ్యాసేలే" అని ఊరుకోనివ్వకండి. చాలాసార్లు కారణం చిన్నదే కావచ్చు. ఆ మాట డాక్టరే చూసి చెప్పాలి.