వాన వెలిసిన తరువాత వచ్చే వరద

వాన కురిస్తేనే వరద వస్తుందని మనం సాధారణంగా భావిస్తాం. కొల్లేటి సీమలో ఈ భావన చెల్లదు. మైలవరం ప్రాంతపు కొండల్లో కురిసిన వాన బుడమేరుగాను, ఖమ్మం ప్రాంతంలో కురిసినది తమ్మిలేరుగాను ప్రవహించి కొల్లేరు చేరుతుంది. ఆ సరస్సు నుండి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్ల ఆ దారిలోనూ సముద్రపు పోటు సమయంలో నీరు సాఫీగా సాగదు. అందువల్ల ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా లంక గ్రామాల వాకిళ్లలోకి నీరు రావచ్చు. వచ్చిన నీరు ఎన్నో రోజులు తీయదు. ఎంతకూ తెమలని వ్యవహారాన్ని మనవారు ‘కొల్లేటి చాంతాడు’ అంటారు. కొల్లేటి వరదకూ ఆ మాట తగును.

2024 సెప్టెంబరు తొలి దినాలలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ నీట మునిగింది. అందరి దృష్టీ నగరం మీదనే నిలిచింది. ఆ నీరు దిగువకు సాగి, కొద్దిరోజులలో పెదయడ్లగాడి వంతెన వద్ద మట్టాన్ని పెంచింది. లంక గ్రామాల దారులు మునిగి, పడవలే శరణ్యమయ్యాయి. ఎగువ వార్తకూ దిగువ వరదకూ నడుమనున్న ఆ కొద్దిరోజులే మన చేతిలోని గడువు. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగినపుడు అంత వ్యవధి కూడా ఉండకపోవచ్చు.

ఆ గడువులో ఏమి చేయాలి? వెనుకటి వరద గోడపై ఎంత ఎత్తుకు వచ్చిందో ఇంటి పెద్దలను అడిగి తెలుసుకోవాలి. బియ్యం, పప్పులు, పరుపులు ఆ గుర్తుకు పైన, అటక మీదికి చేర్చాలి. పట్టాదారు పాసుపుస్తకం, రేషను కార్డు, ఆధార్, మీ పదవ తరగతి మార్కుల మెమో ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచాలి. తడిసి ముద్దయిన మెమోకు నకలు కోసం కార్యాలయాల చుట్టూ తిరిగిన విద్యార్థులను ఈ వ్యాసకర్త ఎరుగును. నడవలేని నాయనమ్మను ఎవరు ఎత్తుకోవాలో, ఆమె మందులు ఎవరు తీసుకోవాలో ముందే అనుకోవాలి. నీరెక్కిన తరువాత వాదులాడుకొనుటకు వ్యవధి చిక్కదు. పశువులను మెరకకు తోలాలి. వీలుకాకుంటే పలుపు తాళ్లయినా విప్పాలి. 112, 108 నెంబర్లు చిన్నపిల్లలకు సైతం కంఠస్థం కావాలి.

చుట్టూ నీరున్నా గొంతు తడుపుకొనే నీరు దొరకకపోవడమే లంకవాసుల అసలు కష్టం. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున లెక్కించినా, ఐదుగురున్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు కావాలి. అంటే మూడు ఇరవై లీటర్ల డబ్బాలు. అవి నిండిన తరువాత నీటిని కాచుకొనుటకు గ్యాసో, పొడికట్టెలో దాచుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తరచుగా త్రాగించాలి. చెంచాలు చిన్నవి, తలకొట్టి కొలిచినవి కావాలి. ఉప్పు హెచ్చితే మేలుకు బదులు కీడు కలుగుతుంది.

నీరు తీసిన తరువాత ఇల్లు చేరేవారు ముందు కర్రతో మూలలను తట్టిచూడాలి. పాములు మనకంటే ముందే పొడినేల వెదకుకొని ఉంటాయి. గోడలు ఆరి, ఎలక్ట్రీషియన్ పరీక్షించేవరకు మెయిన్ స్విచ్ వేయరాదు. బావి నీటిని తోడిపోసి, బ్లీచింగ్ చేయించిన తరువాతనే వాడుకోవాలి.