తీసేస్తే తీసేయండి, ఎందుకో చెప్పండి

మా చిన్నాయన కొడుకు పత్తికొండలో ఏడో తరగతి. వేసవి సెలవుల్లో పిల్లల కోడింగ్ సైట్ ఒకదాంట్లో గేమ్ చేశాడు. 2014లో స్కాట్ కాథన్ విడుదల చేసిన 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్'కి అది ఫ్యాన్ గేమ్. అసలు ఆటలో పిజ్జా హోటల్ ఉంటే, వీడి ఆటలో ఆదోని జిన్నింగ్ మిల్లు. రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా వాచ్‌మన్ కెమెరాలు చూస్తుండాలి. పత్తి బేళ్ల వెనక నుంచి ఏదో వస్తుంటుంది. మూడు వారాల కష్టం. సైట్ వాళ్లు తీసేశారు. వచ్చింది ఒకే లైను: నియమాలకు విరుద్ధం.

"అట్లాంటివి ఇంకా చానా ఉండాయి కదన్నా, నాదొక్కటే ఎందుకు తీసేసినారు?" అని ఫోన్ చేశాడు. ఇంక కోడింగే చెయ్యనన్నాడు. వాడికి జవాబు వెతుకుతూ తెలుసుకున్నవే ఇవి.

ముందు సైట్ వైపు నుంచి చూద్దాం. ఇలాంటి వాటిలో అందరికీ తెలిసింది ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టిన స్క్రాచ్. 2007లో మొదలైంది. ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల వాళ్ల కోసం. ఖాతాలు పది కోట్లు దాటాయి. మన సినిమాలకైతే యు, యుఏ, ఏ అని సర్టిఫికెట్లున్నాయి. 2024 నుంచి యుఏలోనూ 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. పిల్లల సైట్లో ఎనిమిదేళ్ల పాప, పదహారేళ్ల అబ్బాయి ఒకే హాల్లో కూర్చున్నట్టు. అందుకే గీత చిన్నవాళ్లను చూసి గీయాల్సి వస్తుంది. అంతవరకు న్యాయమే.

మరి మిగతావి ఎందుకు మిగిలాయి? అన్ని గేములూ ఆడి చూసేంత మంది మనుషులు ఏ సైట్‌కీ ఉండరు. బూతు మాటను ఫిల్టర్ పట్టేస్తుంది. జంప్‌స్కేర్ అలా దొరకదు. నలభై సెకన్లు నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారిగా బొమ్మ, అరుపు. ఆడితేనే తెలుస్తుంది. కాబట్టి ఎవరైనా రిపోర్ట్ కొడితేనే చాలావరకు చూస్తారు. ఎక్కువమంది ఆడిన గేమ్‌కి రిపోర్టులూ ఎక్కువే. దాని రీమిక్స్‌లు మాత్రం ఎవరి కంటా పడక అలాగే ఉంటాయి. మిగిలిందంటే ఒప్పుకున్నారని కాదు, ఇంకా చూడలేదని.

ఇది అర్థమైనా వాడి బాధ తప్పు కాదు. 2018లో వచ్చిన శాంటా క్లారా సూత్రాలు మూడు అడుగుతాయి: ఎన్ని తీసేశారో లెక్క చెప్పాలి, ఎందుకో తీసేసినవాళ్లకు తెలపాలి, అప్పీలుకు దారి ఉండాలి. మన ఐటీ రూల్స్, 2021 కూడా ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలని, గడువులోగా తేల్చాలని అంటాయి. నేర్చుకునే పిల్లల విషయంలో ఇంకొంచెం కావాలి. "మూడో రాత్రి వచ్చే అరుపు, రక్తం తీసేసి మళ్లీ పెట్టు" అంటే అది పాఠం. "నియమాలకు విరుద్ధం" అంటే మొహం మీద తలుపు వేసినట్టు. హారర్ మొత్తం వద్దనడం కూడా సరికాదు. ఏ సీను హద్దు దాటిందో చెప్పగలిగేలా రూలు ఉండాలి.

మా అవ్వ మిద్దె మీద దెయ్యాల కథలు చెప్పేది. చెబుతూ మా మొహాలు చూసేది. ఎవరైనా బిగుసుకుపోతే దెయ్యాన్ని అక్కడే ఆపేసి నవ్వించేది. గేమ్‌కి ఆ కళ్లు లేవు. ఈ మాట చెబితే వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెల్లెలు ఆడినాక రెండు రాత్రులు ఒంటరిగా పడుకోలేదన్నా" అన్నాడు.

ఇప్పుడు అరుపు తీసేశాడు. దాని బదులు లైట్లు ఒక్కొక్కటిగా ఆరిపోతాయి, అడుగుల చప్పుడు దగ్గరవుతుంది. మొదట్లో హెచ్చరిక కూడా పెట్టాడు. నన్నడిగితే ముందుకంటే ఇదే భయంగా ఉంది!

రేపు క్యాంపస్ ప్లేస్‌మెంట్లు అయ్యాక ఆ రిపోర్ట్ బటన్ వెనక కోడ్ రాసేది మనలో ఎవరో ఒకరు కావచ్చు. 'తొలగించు' పక్కన 'కారణం' అనే గడిని ఖాళీగా వదలనివ్వకండి.