బుగులు తీరితే... బంధువే!

వీధిలోంచి తెచ్చుకున్న కుక్క మంచం కిందికి దూరుతుంది. పిలిస్తే రాదు. పెడితే తినదు. చెయ్యి చాపితే వణికిపోతుంది. 'దీనికి మనమంటే ఇష్టం లేదేమో' అనుకుంటాం. ఇష్టం లేక కాదు... నమ్మకం లేక! ఆ నమ్మకాన్ని పుట్టించడం పెద్ద విద్యేమీ కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఏ ఊళ్లో, ఏ ఇంట్లోనైనా చేయదగ్గ పనే. కావాల్సిందల్లా కాస్త ఓపిక.

'అవ్వా... ఇది పొద్దటి సంది ఏం తింటలేదే!'

'ఊకో బిడ్డా, దాని బుగులు దానికుంటది. నువ్వు జర దూరం జరుగు. అదే తింటది.'

పాలమూరు పల్లెల్లో ఏ వాకిట్లోనైనా వినిపించగల మాటలివి. చిత్రమేమిటంటే, ఆ అవ్వ ఒక్క ముక్కలో చెప్పిన దాన్నే జంతు ప్రవర్తన నిపుణులు పేజీలకు పేజీలు రాసి చెబుతారు. భయపడిన కుక్కకు మనం ముందుగా ఇవ్వాల్సింది ముద్దూ కాదు, ముద్దా కాదు. దూరం!

కుక్క మనకు కొత్త చుట్టమేమీ కాదు. గొర్రెల మంద వెంట కుక్క, పొలం కాడ కుక్క, నల్లమల చెంచు పెంటల్లో కుక్క... మల్లన్నను కొలిచే చోట కుక్కకూ గౌరవం ఉంటుంది. అయినా వీధికుక్క బతుకు వీధికుక్కదే. కొన్ని అక్కడే పుట్టి పెరుగుతాయి. కొన్ని ఒకప్పుడు ఎవరింటి ముందో తిరిగినవే. ఆ ఇంటివాళ్లు బతుకుదెరువు కోసం ఇంటికి తాళం వేసి హైదరాబాదో, ముంబయో వెళ్లిపోతే, కుక్క ఆ గడప దగ్గరే కూర్చుంటుంది. వలసలకు పేరుపడిన ఈ నేలలో ఆ దృశ్యాన్ని ప్రత్యేకంగా వర్ణించక్కర్లేదు.

ఎందుకంత భయం?

కుక్కపిల్లకు లోకం మీద నమ్మకం కుదిరే వయసు ఒకటుంది. పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా. అమెరికా శాస్త్రవేత్తలు జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి పరిశోధించి 1965లో వెలువరించిన పుస్తకంలో ఈ సంగతి వివరించారు. ఆ వారాల్లో మనిషి చేతి స్పర్శ ఎరుగని పిల్ల, పెద్దయ్యాక మనిషిని చూస్తే బెదురుతుంది. మిక్సీ మోత, కుక్కర్ కూత, తలుపు చప్పుడు... మనం పట్టించుకోని ప్రతిదీ దానికి ప్రమాద ఘంటికే.

దానికి తోడు రాళ్ల దెబ్బలు, వేడినీళ్లు, బళ్ల కింద పడి బతికి బయటపడటాలు. ఒక్కోసారి అంతకన్నా ఘోరాలు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో గుర్తు తెలియని వ్యక్తులు తుపాకులతో కాల్చి 20 వీధికుక్కలను చంపేశారు. ఆ ఊరు వనపర్తి జిల్లాకు ఎంతో దూరం కాదు. మరోవైపు చూస్తే, 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పసివాడు ప్రాణాలు కోల్పోయాడు. రెండూ మరచిపోలేనివే. మనిషికి కుక్క భయం, కుక్కకు మనిషి భయం. ఈ రెండు భయాలూ తగ్గే దారుల్లో ఒకటి, ఒక కుక్కను తెచ్చుకుని దాన్ని సరిగ్గా ఇంటిదాన్ని చేసుకోవడం.

'సరిగ్గా' అన్నది ఇక్కడ ముఖ్యం. వీధికుక్కలపై 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వుల్లో సుప్రీంకోర్టు, వాటిని దత్తత తీసుకోవాలనుకునేవారు మున్సిపల్ అధికారులకు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిపాలు కాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని కూడా చెప్పింది. నాలుగు రోజులు పెట్టి వదిలేస్తే దానికి ఉన్న భయానికి మరో భయాన్ని జోడించినట్టే!

తోక చెప్పే మాట

భయపడే కుక్క మొరగాలనేం లేదు. చాలాసార్లు మౌనంగానే చెబుతుంది. తోక కాళ్ల మధ్యకు ముడుచుకుంటుంది. చెవులు వెనక్కి వాలతాయి. తిండి కనిపించకపోయినా మూతి నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. నార్వేకు చెందిన శునక శిక్షకురాలు ట్యూరిడ్ రుగాస్ ఇలాంటి వాటికి 'శాంతి సంకేతాలు' అని పేరు పెట్టారు. 'నీతో నాకు గొడవ వద్దు, నన్ను వదిలెయ్' అని దానర్థం.

ఆ మాట మనం వినకపోతే గుర్రుమంటుంది. దాన్నీ వినకపోతే కరుస్తుంది. అందుకే గుర్రుమన్నందుకు కుక్కను కొట్టకూడదు. గుర్రుమనడం తప్పు అని నేర్చుకున్న కుక్క, ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది.

మొదటి మూడు రోజులు

కుక్కలను దత్తత ఇచ్చేవాళ్లు ఓ లెక్క చెబుతుంటారు. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, 'ఇది నా ఇల్లే' అనిపించడానికి మూడు నెలలు. ఇది శిలాశాసనమేం కాదు. కొన్నిటికి వారం చాలు, కొన్నిటికి ఏడాది పడుతుంది. తొందరపడొద్దని గుర్తుచేయడానికి పనికొస్తుందంతే.

ఇంటికి వచ్చేముందే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. గాయాలు, గజ్జి, నులిపురుగులు ఉన్నాయేమో చూపించాలి. నొప్పి ఉన్న కుక్కకు ఎంత ఓపిగ్గా చెప్పినా భయం పోదు. రేబిస్ టీకా తప్పనిసరి. పిల్లకు మూడు నెలల వయసులో మొదటిది, తర్వాత ఏటా వేయించాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరునే అడగాలి.

ఇంట్లో దానికో మూల కేటాయించండి. మెట్ల కిందో, వరండా చివరో... ఎవరూ అటూ ఇటూ తిరగని చోటు. పాత దుప్పటి, నీళ్ల గిన్నె చాలు. అక్కడ ఉన్నప్పుడు దాన్ని ఎవరూ పలకరించకూడదు, లాగకూడదు. అది దాని గర్భగుడి అనుకోండి!

వచ్చిన రోజే స్నానం చేయించకండి. చుట్టుపక్కల వాళ్లను పిలిచి చూపించకండి. ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడకండి. పక్కకు తిరిగి నేలమీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి. చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నా సరే, పేపరు చదువుతున్నా సరే. మధ్యలో ఓ ఉడికించిన గుడ్డు ముక్క దాని వైపు విసిరి పట్టనట్టు ఊరుకోండి. అది మీ దగ్గరికి రావాలి గానీ మీరు దాని దగ్గరికి వెళ్లకూడదు.

గేటు విషయంలో మాత్రం ఏమరపాటు పనికిరాదు. భయపడిన కుక్క సందు దొరికితే పారిపోతుంది. కొత్త చోట దానికి దారి తెలియదు. ఆ వీధిలోని పాత కుక్కలు దాన్ని బతకనివ్వవు. బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడపట్టీ ఒక్కటే నమ్ముకోకుండా, ఒంటికి చుట్టుకునే బాడీ బెల్టు కట్టడం మేలు.

మూడు వారాలు... ముద్ద ముద్దకూ నమ్మకం

వేళకు తిండి, వేళకు నడక, వేళకు నిద్ర. రేపేం జరుగుతుందో తెలిస్తే కుక్కకు సగం భయం పోయినట్టే. జొన్న సంగటో, అన్నమో, అందులో కొంచెం పెరుగు, ఉడికించిన గుడ్డు లేదా మాంసం కలిపి పెట్టొచ్చు. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం దానికి విషంతో సమానం. కూర కలిపిన మిగులు అన్నం పెట్టేముందు ఓసారి చూసుకోండి.

కోల్‌కతాలోని భారత విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ (ఐసర్)లో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద ఆసక్తికరమైన పరిశోధనలు చేసింది. వీధికుక్కకు రోజూ తిండి పెట్టే మనిషి కన్నా, రోజూ ప్రేమగా నిమిరే మనిషి మీదే నమ్మకం ఎక్కువ కుదురుతుందని 2017లో ప్రచురించిన వాళ్ల అధ్యయనం తేల్చింది. మరో అధ్యయనంలో, మనిషి దగ్గరికి వచ్చిన వీధికుక్కల్లో దాదాపు 80 శాతం అతను వేలితో చూపిన గిన్నె వైపే వెళ్లాయి. ఎవరూ శిక్షణ ఇవ్వకుండానే! అయితే కొన్ని కుక్కలు బెదిరి దగ్గరికే రాలేదు. అంటే తెలివికి కొదవ లేదు, అడ్డుపడేది భయమే.

నిమరడానికీ ఓ పద్ధతుంది. తల మీద చెయ్యి వేయకండి. పైనుంచి వచ్చే చెయ్యి దానికి దెబ్బలనే గుర్తుచేస్తుంది. మెడ పక్కన, ఛాతీ మీద మెల్లగా మూడు లెక్కపెట్టేంత సేపు నిమిరి ఆపండి. ఇంకా కావాలంటే అదే దగ్గరికి జరుగుతుంది. పక్కకు తిరిగితే 'చాలు' అన్నమాట.

మగ్గం చప్పుడుకు మందు

గద్వాలలో మగ్గం ఉన్న ఇంటికి కుక్క వచ్చిందనుకుందాం. టకటకమనే ఆ చప్పుడుకు ఇంట్లో పసిపిల్లలు హాయిగా నిద్రపోతారు. కొత్త కుక్క మాత్రం గోడకు అతుక్కుపోతుంది. ఏం చేయాలి?

చప్పుడును సెల్‌ఫోనులో రికార్డు చేయండి. వినీ వినపడనంత తక్కువగా పెట్టండి. ఆ వెంటనే దానికిష్టమైన ముక్క వేయండి. చప్పుడు ఆపితే ముక్కలూ ఆపండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. అది నిశ్చింతగా తింటుంటే మర్నాడు శబ్దం ఒక్క పిసరు పెంచండి. తినడం మానేసిందంటే తొందరపడ్డారన్నమాట. వెనక్కి తగ్గండి. కొన్నాళ్లకు చప్పుడు వినగానే కుక్క మీ చేతి వైపు చూస్తుంది. భయం పుట్టించిన చప్పుడే ఇప్పుడు ముక్క వస్తుందన్న కబురైంది! కుక్కర్ కూతకైనా, బస్సు హారనుకైనా, ట్రాక్టరు మోతకైనా ఇదే మంత్రం.

ఈ పాఠానికి మూలం రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్. గంట మోగితే కుక్క లాలాజలం ఊరుతుందని మనం బళ్లో చదువుకున్నది ఆయన గురించే. ఆయన జీవితంలోనే మరో ఘట్టం ఉంది. 1924లో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచెత్తినప్పుడు ప్రయోగశాలలోని కుక్కలు బోన్లలోనే నీళ్లలో చిక్కుకుపోయాయి. చివరి క్షణంలో వాటిని కాపాడారు. ప్రాణాలు దక్కాయి గానీ, కొన్ని కుక్కలు అప్పటిదాకా నేర్చుకున్నదంతా మరచిపోయాయి. నెలలు గడిచాక తలుపు కింద నుంచి సన్నటి నీటిధార గదిలోకి వచ్చేసరికి ఓ కుక్క మళ్లీ అదే భయంతో అల్లాడిపోయింది.

2009 అక్టోబరులో తుంగభద్ర రాజోలిని ముంచెత్తిన రోజులు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పాలా! వాన గట్టిగా పడితే గుండె ఝల్లుమనడం మనిషికే కాదు, కుక్కకూ ఉంటుంది. మంకుతనమని కోప్పడితే ఏం లాభం?

పండగ రోజు... పరీక్ష రోజు

వినాయక నిమజ్జనం డీజేలు, దీపావళి బాంబులు. మామూలు కుక్కలే తల్లడిల్లే రోజులవి. సాయంత్రానికి ముందే నడిపించి, తిండి పెట్టి, లోపలి గదిలో ఉంచండి. కిటికీలు మూసి ఫ్యానో టీవీయో పెట్టండి. అది వచ్చి మీ కాళ్ల దగ్గర నక్కితే నిమరండి. 'ఊరడిస్తే భయం ఎక్కువవుతుంది' అన్నది అపోహే. దడుసుకున్న పిల్లను ఒళ్లోకి తీసుకుంటే పిల్ల భయం పెరుగుతుందా? మరీ ఇబ్బంది పడే కుక్కలకు మందులున్నాయి. పండగకు ముందే పశువైద్యుణ్ని కలవాలి. మనుషుల నిద్రమాత్రలు వేయడం మాత్రం ప్రాణాంతకం.

మూడు నెలలకు...

ఇక దానికి ధైర్యం నేర్పాలి. ధైర్యం అంటే 'నేను చేయగలను' అన్న నమ్మకమే కదా. తిండిని గిన్నెలో పెట్టే బదులు కొంత పాత గోనెసంచి మడతల్లో, కొంత గడ్డిలో దాచి వెతకనివ్వండి. కుక్కకు ముక్కే కళ్లు. తన ముక్కుతో తాను సంపాదించుకున్న ముద్ద దానికి పెద్ద గెలుపు. నడకకు వెళ్లినప్పుడు వాసన చూస్తుంటే బరబరా లాక్కెళ్లకండి. మనం పేపరు చదువుకున్నట్టే అది ఊరి కబుర్లు చదువుకుంటోంది.

ఒంటరిగా ఉండటమూ నేర్పాలి. పొలానికో, ఉద్యోగానికో ఒకేసారి పది గంటలు వదిలి వెళితే 'నన్ను మళ్లీ వదిలేశారు' అనుకుంటుంది. మొదట రెండు నిమిషాలు, తర్వాత ఐదు, పది... వెళ్లిన ప్రతిసారీ తిరిగి వస్తారన్నది దానికి అనుభవంలోకి రావాలి.

నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ అడవి అంచు ఊళ్లవారికి ఇంకో జాగ్రత్త. రాత్రిళ్లు కుక్కను బయట వదలొద్దు. చిరుతకు అది తేలికైన ఆహారం. కుక్కల నుంచి అడవి జంతువులకూ ముప్పుంది. 2018లో గుజరాత్ గిర్ అడవుల్లో సింహాల ప్రాణాలు తీసిన కెనైన్ డిస్టెంపర్ కుక్కలకు వచ్చే జబ్బే. దానికీ టీకా ఉంది.

పిల్లలున్న ఇంట్లో...

* కుక్క తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు తాకకూడదని పిల్లలకు ముందే చెప్పండి.
* పెద్దవాళ్లు లేకుండా పసిపిల్లల్ని, కొత్త కుక్కను ఒకచోట వదలకండి.
* కౌగిలించుకోవడం, మీద ఎక్కడం వద్దు. పిల్లలే కూర్చుని, కుక్కను రానివ్వాలి.
* కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా, ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి డాక్టరు చెప్పిన టీకాలన్నీ వేయించుకోవాలి. 'మన కుక్కే కదా' అని ఊరుకోవద్దు.
* నెలలు గడిచినా తినకపోవడం, తన కాళ్లు తానే కొరుక్కోవడం, ఉన్నట్టుండి మీదపడటం కనిపిస్తే సొంత వైద్యం మాని పశువైద్యుణ్ని సంప్రదించండి.

* * *

ఇన్ని చేశాక ఏం వస్తుంది? ఓ రోజు పొద్దున్నే మీరు చాయ్ తాగుతూ గడప మీద కూర్చుంటారు. మంచం కింద నుంచి చిన్న అలికిడి. మెల్లగా వచ్చి, మీ పక్కనే, కాస్త ఎడంగా కూర్చుంటుంది. ఇంకాసేపటికి ఆ ఎడం కూడా ఉండదు. మోకాలి మీద ఓ గడ్డం ఆనుతుంది. అప్పుడు కదలకండి. చాయ్ చల్లారిపోయినా ఫర్వాలేదు.

దాని బుగులు తీరింది!