మొదటి బ్యాక్‌ప్లేట్, వింగ్ కొంటున్నారా? ముందు బరువు లెక్క చూసుకోండి

గల్ఫ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లలో సెలవు రోజున సముద్రం వైపు వెళ్లేవాళ్లు ఉన్నారు. జెద్దా, యాన్‌బు దగ్గరి ఎర్ర సముద్రం, ఫుజైరా తీరం, మస్కట్ దగ్గరి దయ్మానియాత్ దీవులు, ఇవన్నీ స్కూబా డైవింగ్‌కు పేరున్న చోట్లే. ఇక్కడ మన వైజాగ్‌లోనూ, దూరం వెళ్లగలిగితే అండమాన్, లక్షద్వీప్‌లలోనూ డైవింగ్ నేర్చుకోవచ్చు.

కోర్సు పూర్తయి పది పదిహేను సార్లు నీళ్లలోకి దిగాక ఒక ఆలోచన వస్తుంది. అద్దె సామాను ఎన్నాళ్లు, సొంతది కొనుక్కుందాం అని. షాపులో అడిగితే ఒకరు జాకెట్ తీసుకోమంటారు, ఇంకొకరు బ్యాక్‌ప్లేట్, వింగ్ తీసుకోమంటారు. స్టీలు మంచిదని ఒకరు, అల్యూమినియం మంచిదని మరొకరు చెబుతారు. ఇంటికి డబ్బు పంపుతూ, మిగిలిన దాంట్లోంచి కూడబెట్టి కొనే వస్తువు ఇది. అంతకంటే పెద్ద విషయం ఏంటంటే, కింద ఏదైనా తేడా వచ్చినప్పుడు మనిషి క్షేమంగా పైకి రాగలడా లేదా అన్నది ఈ సామాను ఎంపికతో ముడిపడి ఉంది. అందుకే బ్రాండ్, రంగు తర్వాత. ముందు బరువు లెక్క.

అసలు ఇదేమిటి?

కోర్సులో సాధారణంగా ఇచ్చేది జాకెట్. గాలి సంచీ, బెల్టులు, జేబులు అన్నీ కలిపి కుట్టేసిన వస్తువు అది. బ్యాక్‌ప్లేట్ పద్ధతిలో ఇవన్నీ విడివిడిగా ఉంటాయి.

మొదటిది వీపు మీద ఆనే లోహపు పలక. దాన్నే బ్యాక్‌ప్లేట్ అంటారు. రెండోది దాదాపు 5 సెంటీమీటర్ల వెడల్పున్న నైలాన్ పట్టీ. ఒకే పొడవైన పట్టీని పలక రంధ్రాల్లోంచి తీసి భుజాల మీదుగా నడుముకు తెస్తారు. ఇదే హార్నెస్. కాళ్ల మధ్య నుంచి వచ్చే మరో పట్టీ పలక మెడ వైపు జరగకుండా పట్టి ఉంచుతుంది. మూడోది వింగ్. అంటే పలకకు, ట్యాంకుకు మధ్య ఉండే గాలి సంచీ. ట్యాంకును రెండు బిగింపు పట్టీలతో కడతారు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలోని ఫ్లోరిడా నీటి గుహల్లో దిగే డైవర్లు. వాళ్లలో ఒకరైన విలియం హోగర్త్ మెయిన్ పేరు మీదే 'హోగార్థియన్' అనే మాట వచ్చింది. అక్కరలేనిది ఒంటి మీద ఉండకూడదు అన్నదే దాని సారం. గుహల్లోకి వెళ్లని మామూలు డైవర్లకు కూడా ఇందులో లాభం ఉంది. గాలి వీపు మీదే ఉంటుంది కాబట్టి ఛాతీని నొక్కదు, బోర్లా తేలుతూ ఈదడం సులువవుతుంది. ఒక భాగం పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు.

అలాగని జాకెట్ చెడ్డదేమీ కాదు. ఏడాదికి ఒకసారి సరదాగా దిగేవాళ్లకు అద్దె జాకెట్టే చాలు, ఇంత ఖర్చు అక్కర్లేదు.

లెక్క ట్యాంకుతో మొదలవుతుంది

చాలామంది ముందు పలక కొని, తర్వాత మిగతావి చూస్తారు. నిజానికి లెక్క మొదలవ్వాల్సింది మీరు ఎక్కువగా వాడబోయే ట్యాంకు దగ్గర, వేసుకోబోయే సూటు దగ్గర.

వెచ్చని సముద్రాల్లో డైవ్ సెంటర్లు ఎక్కువగా ఇచ్చేది 11 లీటర్ల అల్యూమినియం ట్యాంకు. నిండుగా నింపితే, అంటే సుమారు 200 బార్ల దగ్గర, అందులో గాలి బరువే దాదాపు 2.6 కిలోలు. గాలికి బరువేంటి అనుకోవద్దు, డైవర్‌కు అసలు లెక్క అదే. నిండు ట్యాంకు ఉప్పునీటిలో ముప్పావు కిలో బరువుతో మునుగుతుంది. ఖాళీ అయ్యాక అదే ట్యాంకు రెండు కిలోల బలంతో పైకి తేలాలని చూస్తుంది.

కాబట్టి డైవ్ చివర్లో, ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక, 5 మీటర్ల లోతులో కదలకుండా నిలబడగలిగేంత బరువు మన దగ్గర ఉండాలి. తక్కువైతే ఆగాల్సిన చోట ఆగలేక పైకి కొట్టుకొస్తారు. ఎక్కువైతే డైవ్ మొత్తం వింగ్‌లో గాలి నింపుకుంటూ, ఆ గాలితో పోరాడుతూ ఉంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 3 మిల్లీమీటర్ల ఫుల్ వెట్‌సూట్ సుమారు 2 కిలోలు తేలుతుంది అనుకోండి. ఖాళీ ట్యాంకు ఇంకో 2 కిలోలు. మొత్తం 4. రెగ్యులేటర్ సుమారు ఒక కిలో కిందికి లాగుతుంది. మిగిలింది 3 కిలోలు. అంటే ఈ మనిషికి నీళ్లలో 3 కిలోల బరువు కావాలి. మనిషి ఒళ్లును బట్టి ఈ అంకె మారుతుంది. మీ అంకె మీరు నీళ్లలోనే చూసుకోవాలి.

స్టీలా, అల్యూమినియమా?

మామూలు స్టీలు పలక 2.5 నుంచి 2.7 కిలోలు ఉంటుంది. నీళ్లలో దాని బరువు సుమారు 2.4 కిలోలు. అల్యూమినియం పలక ఒక కిలో లోపే, నీళ్లలో అర కిలోకు కాస్త ఎక్కువ.

పై ఉదాహరణలోని మనిషి స్టీలు పలక వాడితే, కావాల్సిన 3 కిలోల్లో 2.4 పలకే ఇచ్చేస్తుంది. సీసం అర కిలో, కిలో పెట్టుకుంటే చాలు. నడుము మీద భారం తగ్గుతుంది, బరువు వీపంతా పరుచుకుంటుంది. అల్యూమినియం పలక వాడితే రెండు, రెండున్నర కిలోల సీసం కావాలి.

అయితే స్టీలే మంచిదా? ఎక్కడ డైవ్ చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. కారులో సామాను వేసుకుని ఫుజైరాకో, జెద్దా తీరానికో వెళ్లేవాళ్లకు స్టీలు బాగుంటుంది. విమానంలో తిరిగేవాళ్లకు అల్యూమినియం మేలు. సీసం డైవ్ సెంటర్లలో దొరుకుతుంది, ఇక్కడి నుంచి మోసుకెళ్లనక్కర్లేదు. స్టీలు పలక మాత్రం మన బ్యాగులోనే రావాలి. ఇంటికి పట్టుకెళ్లే సామానుతోనే బ్యాగు నిండిపోయేవాళ్లకు రెండున్నర కిలోలు చిన్న విషయం కాదు.

ఇంకో మాట. కొన్ని చోట్ల స్టీలు ట్యాంకులు ఇస్తారు. చాలా స్టీలు ట్యాంకులు ఖాళీ అయ్యాక కూడా మునుగుతూనే ఉంటాయి. పల్చటి సూటు, స్టీలు ట్యాంకు, దాని మీద స్టీలు పలక కూడా అయితే బరువు మితిమీరుతుంది. స్టీలు ట్యాంకులు ఎక్కువగా వాడే చోట ఉంటే అల్యూమినియం పలకే తీసుకోండి.

వింగ్ ఎంత పెద్దది ఉండాలి?

పెద్దదైతే భద్రం ఎక్కువ అనుకుంటారు. అది నిజం కాదు. వింగ్ చేయాల్సిన పనులు రెండే. ఒకటి, డైవ్ మొదట్లో ట్యాంకులోని గాలి బరువును, లోతుకు వెళ్లేకొద్దీ సూటు నలిగి పోగొట్టుకున్న తేలే గుణాన్ని భర్తీ చేయడం. రెండు, మనం విప్పేసినా ఈ సామాను మొత్తం నీటిపై తేలేలా చూడడం.

స్టీలు పలక, నిండు ట్యాంకు, రెగ్యులేటర్, ఒకటి రెండు కిలోల సీసం, అన్నీ కలిపినా నీళ్లలో ఆరు కిలోల దాకా వస్తుంది. కాబట్టి వెచ్చని నీళ్లలో ఒకే ట్యాంకుతో దిగేవాళ్లకు 11 నుంచి 14 కిలోలు ఎత్తగల వింగ్ సరిపోతుంది. మందపాటి సూటు వేసుకునే చల్లని నీళ్లకైతే 18 కిలోల దాకా వెళ్లవచ్చు. రెండు ట్యాంకుల కోసం చేసిన పెద్ద వింగ్ ఒకే ట్యాంకుకు వాడితే, అంచులు ట్యాంకు చుట్టూ ముడుచుకుని గాలి అక్కడే చిక్కుకుంటుంది. గాలి వదలాల్సిన సమయంలో వదలకపోతే మనిషి ఆగకుండా పైకి వెళ్లిపోతాడు. ఊపిరితిత్తులకు అదే అసలు ప్రమాదం.

ఆకారాలు రెండు ఉన్నాయి. గుర్రపు నాడా ఆకారంలో ఉన్నదాంట్లో గాలి ఒక పక్కే చిక్కవచ్చు. గుండ్రంగా, వడ ఆకారంలో ఉన్నదాంట్లో గాలి రెండు పక్కలా తిరుగుతుంది, వదలడం సులువు. మొదటిసారి కొనేవాళ్లకు గుండ్రంది, ఒకే సంచీ ఉన్నది చాలు. చుట్టూ రబ్బరు తాళ్లు బిగించినవి వద్దు. వింగ్ చిరిగితే ఆ తాళ్లే గాలిని తొందరగా బయటికి నెట్టేస్తాయి.

వింగ్ పనిచేయకపోతే?

కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. డైవ్ మొదట్లోనే, ట్యాంకు నిండుగా ఉండగా, 20 మీటర్ల లోతులో వింగ్ చిరిగిందనుకోండి. కాళ్లతో ఈదుకుంటూ పైకి రాగలరా?

మన ఉదాహరణలో బరువు సరిగ్గా ఉంది. అప్పుడు అదనంగా ఉండేది 2.6 కిలోల గాలి, సూటు నలగడం వల్ల మరో కిలో పైచిలుకు. అంటే నాలుగు కిలోల లోపు. ఫిన్స్ ఉన్న ఆరోగ్యవంతుడు ఇంత బరువుతో పైకి ఈదగలడు. పైకి వచ్చేకొద్దీ సూటు మళ్లీ ఉబ్బి పని తేలికవుతుంది.

అదే మనిషి భయానికి ఇంకో నాలుగు కిలోల సీసం ఎక్కువ కట్టుకుంటే, లేదా స్టీలు మీద స్టీలు వేసుకుంటే? లెక్క ఏడెనిమిది కిలోలకు వెళ్తుంది. అది ఈదే బరువు కాదు. స్టీలు పలకను నీళ్లలో తీసి పారేయలేరు. కాబట్టి అవసరమైతే వదిలేయగల సీసం కొంత నడుము బెల్టులోనో, జేబులోనో ఉంచుకోండి. అంతా పలకకే పెట్టేసుకోవద్దు.

కొలత సరిపోవాలి

హార్నెస్‌కు సైజులు ఉండవు, మన ఒంటికి తగ్గట్టు మనమే సర్దుకుంటాం. భుజం పట్టీ కింద అరచేయి సులువుగా దూరాలి. బిగుతుగా ఉంటే వేసుకోవడం, విప్పడం రెండూ కష్టమే. భుజాల మీది రింగులు చంకల ఎత్తులో, రెండు చేతులకూ అందేలా ఉండాలి. నడుము బకిల్ మధ్యలో, చేత్తో తడిమితే చాలు దొరికేలా ఉండాలి. మొదటిసారి సర్దడానికి గంట పడుతుంది. ఆ రోజు వేసుకోబోయే సూటు వేసుకునే సర్దుకోండి, టీషర్టు మీద కాదు.

పొట్టిగా ఉన్నవాళ్లకు చిన్న పలకలు దొరుకుతాయి. పలక కింది అంచు తుంటిని పొడుస్తుంటే సైజు పెద్దదని అర్థం.

మన ఇళ్లలోని ఆడపిల్లలు కూడా డైవింగ్ నేర్చుకుంటున్నారు. ఛాతీ మీద అడ్డ పట్టీ లేకపోవడం వల్ల వాళ్లలో చాలామందికి ఈ హార్నెస్ జాకెట్ కంటే సౌకర్యంగా ఉంటుంది. సూటు పైన వదులుగా చొక్కా లాంటిది వేసుకునేవాళ్లు ఒక్క జాగ్రత్త పడాలి. ఆ బట్ట హార్నెస్ కింద ఉండాలి, బకిల్ మీదికి తేలి దాన్ని కప్పేయకూడదు. తలకు స్కార్ఫ్ బదులు డైవింగ్ హుడ్ వేసుకుంటే మాస్క్ కింద బట్ట ఇరుక్కుని నీళ్లు కారడం ఉండదు.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

పలక తీసుకోవచ్చు, లోహానికి అంత తొందరగా ఏమీ కాదు. పట్టీ అరిగి ఉంటే కొత్తది వేసుకోండి, పెద్ద ఖర్చు కాదు. వింగ్ విషయంలో మాత్రం పరీక్ష తప్పదు. గట్టిగా ఉబ్బేలా గాలి నింపి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి మెత్తబడితే వద్దు. గాలి నింపే బటన్ పదిసార్లు నొక్కి చూడండి, నొక్కిన ప్రతిసారీ వెంటనే వెనక్కి రావాలి. ఉప్పు పేరుకుని అది ఇరుక్కుంటే నీళ్లలో వింగ్ దానంతట అదే నిండుతుంది.

కొన్నాక ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లతో బయటే కాదు, లోపల కూడా కడగాలి. గల్ఫ్ ఎండలో కారు డిక్కీలో వదిలేయవద్దు.

మొదటి రోజు

కొత్త సామానుతో నేరుగా లోతుకు వెళ్లవద్దు. స్విమ్మింగ్ పూల్‌లోనో, తీరం దగ్గర లోతు తక్కువ నీళ్లలోనో ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి దిగండి. పైన తేలుతున్నప్పుడు వింగ్ నిండా గాలి నింపితే అది ముఖాన్ని ముందుకు నెడుతుంది. కొంచెమే నింపి, వెనక్కి వాలి కూర్చున్నట్టు ఉంటే సరిపోతుంది. చివర్లో ట్యాంకులో 50 బార్లు మిగిలినప్పుడు 5 మీటర్ల దగ్గర వింగ్ ఖాళీ చేసి నిలబడి చూడండి. నిలబడగలిగితే మీ బరువు సరిగ్గా ఉన్నట్టే. మునుగుతుంటే కిలో తగ్గించి, తర్వాతి డైవ్‌లో మళ్లీ చూడండి. ఆ అంకెను ట్యాంకు, సూటు వివరాలతో సహా ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

వీలైతే ఈ పరీక్ష కొనకముందే, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్న సెట్‌తో చేసి చూడండి. ఆ అంకె చేతిలో ఉంటే షాపువాడు ఏది చెప్పినా, మీకు ఏది కావాలో మీకే తెలుస్తుంది.